అమెరికా సెనేట్ పోటీల వార్తలు రాసే తెలుగు సంపాదకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో చట్టసభ ఎగువ సభ అయిన సెనేట్‌కు ఎన్నికలు దగ్గరపడినప్పుడల్లా తెలుగు పత్రికల్లోనూ, టీవీ ఛానెళ్లలోనూ, వార్తా సైట్లలోనూ రెండు రకాల వార్తలు పక్కపక్కనే కనిపిస్తున్నాయి. ఫలానా సర్వేలో ఫలానా అభ్యర్థి మూడు పాయింట్ల ఆధిక్యంలో ఉన్నారన్నది ఒకటి. ఒక పార్టీకి చెందిన పెద్ద నాయకుడు సొంత పార్టీని కాదని అవతలి పార్టీ అభ్యర్థికో, స్వతంత్ర అభ్యర్థికో మద్దతు ప్రకటించారన్నది మరొకటి. ఈ రెండూ ఒకే వారంలో వచ్చాయంటే గాలి మారిపోయిందన్న శీర్షిక తప్పడం లేదు. ఎన్నిక ముగిసి, గాలి మారలేదని తేలిన తరువాత మాత్రం, ఎందుకు మారలేదో వివరించే వార్త దాదాపుగా రావడం లేదు. 2026 నవంబరు 3న 35 సెనేట్ స్థానాలకు ఓటింగ్ జరగవలసి ఉన్నందున, ఈ రెండు రకాల వార్తలను ఎలా రాస్తే పాఠకుడికి ఉపయోగమో మీ ముందు ఉంచాలని ఈ లేఖ రాస్తున్నాను.

నేను చెప్పదలచినది ఒక్కటే. పార్టీ గీత దాటి వచ్చిన మద్దతు ఓట్లుగా మారాలంటే ఆ రాష్ట్రంలో అందుకు దారి ఉండాలి. ఆ దారి ఉన్నదీ లేనిదీ సర్వేలో ఎవరి పేరు ముందున్నదన్న దానివల్ల తెలియదు. ఇంకా తేల్చుకోలేదని చెప్పినవారు ఏ పార్టీవారు, ఆ రాష్ట్రపు బ్యాలెట్ నిబంధనలు ఏమిటి అన్న రెండు విషయాల వల్ల తెలుస్తుంది. మన వార్తల్లో సాధారణంగా ఉండనివి కూడా ఆ రెండే.

దూరదేశపు ఎన్నిక మీద ఇంత పట్టింపు దేనికని ఎవరైనా అడగవచ్చు. ఒక్క ఉదాహరణ చెబుతాను. గ్రీన్ కార్డు కోసం ఏళ్ల తరబడి నిరీక్షిస్తున్న తెలుగు కుటుంబాలకు, ఒక్కో దేశానికి 7 శాతమే అన్న పరిమితి ఎంత భారమో మీకు తెలియనిది కాదు. ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డులకు ఆ పరిమితిని తొలగించే బిల్లును ప్రతినిధుల సభ 2019 జూలైలో 365–65 ఓట్లతో ఆమోదించింది. సెనేట్‌లో దానికి నాయకత్వం వహించినది యూటా రాష్ట్రానికి చెందిన రిపబ్లికన్ మైక్ లీ. ఇల్లినాయ్ డెమోక్రాట్ డిక్ డర్బిన్ అభ్యంతరంతో అది కొంతకాలం ఆగింది. చివరకు 2020 డిసెంబరు 2న సెనేట్ ఏకగ్రీవ సమ్మతితో తన రూపంలో ఆమోదించింది కానీ, రెండు సభల బిల్లుల మధ్య తేడాలు తీరక అది చట్టం కాకుండానే ఆ విడత కాంగ్రెస్ (రెండు సభలూ కలిసిన అమెరికా చట్టసభ) గడువు ముగిసిపోయింది. ఒక్క సెనేటర్ అభ్యంతరం చెప్పి బిల్లును నిలపగలిగే సభలో ఎవరు కూర్చుంటారన్నది గుంటూరులోనూ కరీంనగర్‌లోనూ ఉన్న తల్లిదండ్రులకు కూడా సొంత విషయమే. అదే మైక్ లీ 2022లో ఎదుర్కొన్న పోటీ ఈ లేఖకు ముఖ్యమైన ఉదాహరణల్లో ఒకటి. అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువారు ఈ ఎన్నికల్లో ఓటర్లు, ప్రచారానికి చందాలు ఇచ్చేవారు కూడా. వారిలో చాలామంది తెలుగు వార్తలనే మొదట చదువుతున్నారు.

ముందుగా మద్దతు ప్రకటన గురించి. మనకు పొత్తు అంటే తెలుసు. పార్టీలు సీట్లు పంచుకుంటాయి, ఒకరు పోటీ చేసిన చోట మరొకరు అభ్యర్థిని నిలపరు, జెండాలు కలిపి కట్టుకుంటారు, కార్యకర్తలు కలిసి ఇంటింటికీ తిరుగుతారు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం, జనసేన, భారతీయ జనతా పార్టీలు చేసినది అదే. అమెరికాలో ఒక నాయకుడు ఎదుటి పార్టీ అభ్యర్థికి మద్దతు చెప్పడం ఇటువంటిది కాదు. అది ఆ వ్యక్తి మాట మాత్రమే. ఆయన పార్టీ యంత్రాంగం ఆయన వెంట రాదు, నిధులు రావు, బ్యాలెట్ పత్రం మీద సాధారణంగా అభ్యర్థి పేరు పక్కన ఉండే పార్టీ పేరూ మారదు. ఓటరు ఆ పత్రాన్ని చేతిలోకి తీసుకున్న క్షణంలో ఆయనకు మద్దతు ప్రకటన కనిపించదు, పార్టీ పేరే కనిపిస్తుంది. మన పాఠకులు మద్దతు అన్న మాట చదివినప్పుడు మనసులో పొత్తును ఊహించుకోవడం సహజం కనుక, ఈ తేడాను ఒక్క వాక్యంలోనైనా చెప్పవలసిన బాధ్యత వార్త రాసేవారిదే.

కాన్సాస్ రాష్ట్రంలో 2014లో జరిగినది కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే తరువాత వచ్చిన పోటీలన్నింటికీ అది నమూనాలాగా ఉంది. 1932 తరువాత ఆ రాష్ట్రం డెమోక్రాట్‌ను సెనేట్‌కు పంపలేదు. అటువంటి చోట రిపబ్లికన్ సెనేటర్ పాట్ రాబర్ట్స్ తన సొంత పార్టీ ప్రైమరీలోనే (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే తొలి విడత ఎన్నికలో) సగం ఓట్లు తెచ్చుకోలేకపోయారు. రాష్ట్రంలో సొంత ఇల్లు కూడా లేకుండా వాషింగ్టన్‌లోనే ఉంటున్నారన్న విమర్శ ఆయనను వదల్లేదు. గ్రెగ్ ఒర్మన్ అనే వ్యాపారవేత్త స్వతంత్ర అభ్యర్థిగా నిలిచారు. సెప్టెంబరు 3న డెమోక్రాటిక్ అభ్యర్థి చాడ్ టేలర్ పోటీ నుంచి తప్పుకున్నారు. ఆయన పేరు బ్యాలెట్ మీద ఉండాలా వద్దా అన్న వివాదం రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లి, పేరు తొలగించాలన్న తీర్పు వచ్చింది. ఆ రోజుల్లోనే డెబ్బై మందికి పైగా మాజీ రిపబ్లికన్ శాసనసభ్యులున్న ఒక మితవాద బృందం ఒర్మన్‌కు మద్దతు ప్రకటించింది. అక్టోబరు మొదట్లో వచ్చిన ఎన్‌బీసీ–మారిస్ట్ సర్వే ఒర్మన్‌కు 48 శాతం, రాబర్ట్స్‌కు 38 శాతం చూపింది. ఒక పార్టీ అభ్యర్థి తప్పుకోవడం, రెండో పార్టీ పాత తరం వచ్చి చేరడం, పది పాయింట్ల ఆధిక్యం, ఈ మూడూ కలిసిన తరువాత ఫలితం తేలిపోయినట్టే అనిపించింది.

నవంబరులో రాబర్ట్స్‌కు 53 శాతం, ఒర్మన్‌కు 42.5 శాతం వచ్చాయి. నెల రోజుల్లో ఏం జరిగింది? జాతీయ రిపబ్లికన్ పార్టీ రంగంలోకి దిగింది. ఒకప్పటి అధ్యక్ష అభ్యర్థులు బాబ్ డోల్, జాన్ మెకెయిన్ వంటివారు వచ్చి ప్రచారం చేశారు. గెలిస్తే సెనేట్‌లో ఏ పార్టీతో కూర్చుంటారన్న ప్రశ్నకు ఒర్మన్ సూటిగా జవాబు చెప్పలేదు. మెజారిటీ ఎవరిదైతే వారితో కూర్చోవడం గురించి ఆయన చెప్పిన మాట, ఆయనకు ఓటు వేస్తే సెనేట్ డెమోక్రాట్ల చేతిలోనే ఉండిపోతుందన్న ప్రచారానికి అవకాశం ఇచ్చింది. సెప్టెంబరులో రాబర్ట్స్ మీద కోపంతో ‘ఇంకా తేల్చుకోలేదు’ అని చెప్పిన రిపబ్లికన్లు నవంబరులో తమ పార్టీకే తిరిగి వచ్చారు. సర్వే అబద్ధం చెప్పిందని నేను అనుకోవడం లేదు. అది ఆనాటి కోపాన్ని కొలిచింది. మద్దతు ప్రకటించిన మాజీ శాసనసభ్యులు కూడా నిజాయతీగానే మాట్లాడారు. అయితే ఒకప్పుడు వారిని గెలిపించిన ఓటర్లు ఇప్పటికీ వారి మాట వింటారని అనుకోవడానికి ఆధారం లేదు. అంతకు రెండేళ్ల ముందు, 2012లో జరిగిన ప్రైమరీలలో ఆ మితవాద వర్గానికి చెందిన చాలామంది రాష్ట్ర సెనేటర్లను అదే ఓటర్లు ఇంటికి పంపారు. ఈ సంగతి తెలిసిన విలేకరి ఆ మద్దతు వార్తను మరోలా రాసి ఉండేవారు.

ఇప్పుడు యూటా. 2022 ఏప్రిల్ 23న అక్కడి డెమోక్రాటిక్ పార్టీ రాష్ట్ర మహాసభ అరుదైన నిర్ణయం తీసుకుంది. సొంత అభ్యర్థిని నిలపకుండా, మాజీ సీఐఏ అధికారి, మాజీ రిపబ్లికన్ ఇవాన్ మెక్‌మలిన్ అనే స్వతంత్ర అభ్యర్థి వెనుక నిలబడాలని ప్రతినిధులు ఓటు వేశారు. కెయిల్ వెస్టన్ అనే డెమోక్రాట్ అప్పటికే రంగంలో ఉన్నారు కనుక ఆ నిర్ణయం తేలికగా జరగలేదు. చీలిక స్పష్టంగానే కనిపించింది. అదే రాష్ట్రానికి చెందిన రిపబ్లికన్ సెనేటర్ మిట్ రామ్నీ తన సహచరుడు మైక్ లీకి మద్దతు ప్రకటించడానికి ఒప్పుకోలేదు, మెక్‌మలిన్‌కూ ప్రకటించలేదు. లీ స్వయంగా టీవీలో కనిపించి రామ్నీని మద్దతు అడగవలసి వచ్చింది. వేసవి నుంచి అక్టోబరు దాకా వచ్చిన కొన్ని సర్వేలలో తేడా అయిదు పాయింట్లకు మించలేదు, తేల్చుకోనివారు మాత్రం చాలామంది ఉన్నారు. ఫలితం వచ్చేసరికి లీకి 53 శాతం, మెక్‌మలిన్‌కు దాదాపు 43 శాతం ఓట్లు పడ్డాయి.

ఇక్కడ తొందరపడి ఆ కలయిక విఫలమైందని రాయకూడదు. 2016లో ఇదే లీకి 68 శాతం వచ్చింది, ఆయన ప్రత్యర్థికి 27 శాతమే దక్కింది. ఆరేళ్లలో లీ ఓటు పదిహేను పాయింట్లు పడిపోయింది. 1970 తరువాత డెమోక్రాట్‌ను సెనేట్‌కు ఎన్నుకోని రాష్ట్రంలో ఇది చిన్న మార్పు కాదు. అంటే పార్టీ గీత దాటిన మద్దతు పనిచేసింది, కానీ గెలవడానికి కావలసినంత పని చేయలేదు. పని చేయడానికీ గెలవడానికీ మధ్య ఉన్న ఈ దూరాన్ని కొలిచి చెప్పడమే విశ్లేషణ. ‘హోరాహోరీ’ అన్న ఒక్క మాటలో ఆ దూరం కనిపించకుండా పోతుంది.

నెబ్రాస్కాలో 2024లో ఇదే వరుస మళ్లీ కనిపించింది. ఒమాహాలోని కెల్లాగ్స్ కర్మాగారంలో 2021 సమ్మెకు నాయకత్వం వహించిన మెకానిక్ డాన్ ఓస్బోర్న్ స్వతంత్రుడిగా నిలిచి, ఏ పార్టీ మద్దతునూ స్వీకరించనని చెప్పారు. డెమోక్రాట్లు అభ్యర్థిని నిలపలేదు. చివరి వారాల్లో రెండు పాయింట్ల తేడా చూపిన సర్వేలు వచ్చాయి. రిపబ్లికన్ డెబ్ ఫిషర్ 53–46.5తో గెలిచారు. అదే రోజు ఆ రాష్ట్రంలో ట్రంప్ ఇరవై పాయింట్ల ఆధిక్యం తెచ్చుకున్నారని గుర్తుంచుకుంటే, ఓస్బోర్న్ కోసం గీత దాటిన రిపబ్లికన్లు ఎంతమందో అర్థమవుతుంది. అయినా చాలలేదు. 2026లో ఆయన మరో స్థానానికి మళ్లీ స్వతంత్రుడిగా పోటీకి దిగుతున్నట్టు ప్రకటించారు కనుక, ఆ పోటీ గురించి మీరు రాయబోయే మొదటి సర్వే వార్తలో ఈ పాత అంకెలు కూడా ఉండాలని కోరుతున్నాను.

ఈ మూడు పోటీల్లో సర్వేలు తప్పిన దిశ ఒకటే. ఒక పార్టీ బలంగా ఉన్న రాష్ట్రంలో, తేల్చుకోలేదని చెప్పేవారిలో ఎక్కువమంది ఆ పార్టీవారే అయి ఉంటారు. వారికి తమ అభ్యర్థి మీద అసంతృప్తి ఉంటుంది, అది ఓటుగా మారడానికి మాత్రం మరో అడుగు కావాలి, ఆ అడుగు చాలామంది వేయరు. సర్వేలో ఒకరికి 44, మరొకరికి 42 అని వస్తే మిగిలిన 14 శాతం ఎక్కడివారన్నదే అసలు వార్త. దీనికి పొరపాటు పరిధిని, అంటే సర్వే అంకె అసలు అంకెకు ఎంత అటూ ఇటూ ఉండవచ్చన్న లెక్కను కూడా కలపాలి. 600 మందిని అడిగిన సర్వేలో ఆ పరిధి సుమారు ప్లస్ లేదా మైనస్ 4. ఇది ఒక్కో అభ్యర్థి శాతానికి వర్తిస్తుంది. ఇద్దరి మధ్య తేడాకు వచ్చేసరికి దాదాపు రెట్టింపు అవుతుంది. కాబట్టి అటువంటి సర్వేలో రెండు మూడు పాయింట్ల ఆధిక్యం ఉన్నదంటే ఎవరు ముందున్నారో ఆ సర్వే చెప్పలేకపోయిందనే అర్థం. పైగా ఈ పరిధి లెక్కించేది యాదృచ్ఛిక ఎంపిక వల్ల వచ్చే పొరపాటును మాత్రమే. ఫోన్ ఎత్తనివారు ఎత్తినవారికంటే వేరుగా ఆలోచిస్తే, ఆ తప్పు ఈ లెక్కలో ఎక్కడా కనిపించదు.

అలా కనిపించని తప్పు ఎంత పెద్దదిగా ఉండగలదో మెయిన్ రాష్ట్రం చూపించింది. 2020లో రిపబ్లికన్ సూసన్ కాలిన్స్ మీద డెమోక్రాట్ సారా గిడియన్ వేసవి నుంచీ ముందంజలో ఉన్నట్టు సర్వేలు చెబుతూ వచ్చాయి. సెప్టెంబరులో క్విన్నిపియాక్ సర్వే ఆ ఆధిక్యాన్ని 54–42గా చూపింది. నవంబరులో కాలిన్స్ 51–42.4తో గెలిచారు. అదే బ్యాలెట్ మీద అదే రాష్ట్రం బైడెన్‌కు తొమ్మిది పాయింట్ల ఆధిక్యం ఇచ్చింది. ఈ పోటీలో పార్టీ గీత దాటిన ఓటర్లు నిజంగా ఉన్నారు, వేల సంఖ్యలో ఉన్నారు, సర్వేలకే కనిపించలేదు. వెస్ట్ వర్జీనియా డెమోక్రాటిక్ సెనేటర్ జో మాంచిన్ ముందు ఏడాదే కాలిన్స్‌కు మద్దతు ప్రకటించి ఉన్నారు. అయితే ఆమె గెలుపుకు ఆ ప్రకటన కారణమని రాయడం తొందరపాటవుతుంది. సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఏమీ కోనీ బారెట్ నియామకానికి వ్యతిరేకంగా ఓటు వేసిన ఏకైక రిపబ్లికన్ కాలిన్సే. మెయిన్ ఓటరు ఆమెను ఇరవై నాలుగేళ్లుగా ఎరిగినవాడు. పార్టీ గీత దాటడానికి అక్కడి ఓటరుకు బయటినుంచి ఎవరి అనుమతీ అవసరం కాలేదని నా అభిప్రాయం. ఆ ఏడాది సర్వేలను పరిశీలించిన అమెరికా ప్రజాభిప్రాయ పరిశోధకుల సంఘం, అధ్యక్ష పోటీలో జాతీయ ఓటు విషయంలో నలభై ఏళ్లలో అంత పెద్ద పొరపాటు జరగలేదని తేల్చింది. దానికి కచ్చితమైన కారణం మాత్రం అందిన సమాచారంతో నిర్ధారించలేకపోయామని ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలును నేను గౌరవిస్తాను. ఆ వినయం సర్వేను వార్తగా రాసేవారికి కూడా అవసరం.

మేరీల్యాండ్ గురించి క్లుప్తంగా చెబుతాను. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఉన్న రాష్ట్రం కనుక 2024లో దాని మీద తెలుగువారి దృష్టి ఎక్కువగానే ఉన్నది. రెండుసార్లు గవర్నర్‌గా గెలిచిన రిపబ్లికన్ లారీ హోగన్ సెనేట్‌కు పోటీ చేస్తున్నారనగానే, ప్రైమరీకి ముందు వచ్చిన ఒక పెద్ద సర్వే ఆయనకు రెండంకెల ఆధిక్యం చూపింది. చివరికి డెమోక్రాట్ ఏంజెలా ఆల్సోబ్రూక్స్ దాదాపు పన్నెండు పాయింట్లతో గెలిచారు. ప్రైమరీ పూర్తికాకముందు ఒక అభ్యర్థి రాష్ట్రమంతా తెలిసినవారు, ఎదుటివారు ఒక్క కౌంటీకే (మన జిల్లా వంటిది) తెలిసినవారు. ఆ దశలో సర్వే కొలిచేది పరిచయాన్ని. జూన్‌లో ట్రంప్ హోగన్ గెలవాలని కోరుకుంటున్నానని చెప్పినప్పుడు, తాను ఆ మద్దతు అడగలేదని హోగన్ వెంటనే దూరం జరిగారు. సొంత పార్టీ నాయకుడి మద్దతే నష్టం చేసే రాష్ట్రాలు ఉన్నాయనడానికి ఇంతకంటే స్పష్టమైన సందర్భం ఉండదు. ఎవరు మద్దతిచ్చారన్నది ఒక్కటే రాస్తే ఇది పాఠకుడికి అందదు.

దారి ఉంటే ఏం జరుగుతుందో అలాస్కా చూపించింది, ఆ సంగతి తెలుగు పాఠకులకు వివరించడం మీకు చాలా సులువు. మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో మొదటి ప్రాధాన్యం, రెండో ప్రాధాన్యం వేయడం, మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ మెజారిటీ రాకపోతే చివరి అభ్యర్థిని ఎలిమినేట్ చేసి ఆ ఓట్లను పంచడం మనవాళ్లకు బాగా తెలుసు. 2021లో హైదరాబాద్–రంగారెడ్డి–మహబూబ్‌నగర్ స్థానంలో సురభి వాణీదేవి గెలుపు రెండో ప్రాధాన్య ఓట్ల దాకా వెళ్లిన సంగతి మీరే గంటగంటకూ చూపించారు. 2020లో అలాస్కా ఓటర్లు దాదాపు ఇటువంటి పద్ధతినే స్వల్ప మెజారిటీతో ఆమోదించారు. పార్టీలతో నిమిత్తం లేకుండా అభ్యర్థులందరికీ ఒకే ప్రైమరీ జరుగుతుంది, అందులో మొదటి నలుగురు తుది పోటీకి వస్తారు, తుది పోటీలో ఓటరు ప్రాధాన్య క్రమం ఇస్తారు.

2022లో అక్కడి రిపబ్లికన్ సెనేటర్ లీసా మర్కౌస్కీ సొంత పార్టీతోనే పోరాడవలసి వచ్చింది. ట్రంప్ అభిశంసన విచారణలో ఆయనను దోషిగా ప్రకటించాలని ఓటు వేసినందుకు రాష్ట్ర రిపబ్లికన్ పార్టీ ఆమెను ఖండిస్తూ తీర్మానం చేసి, కెల్లీ షిబాకాకు మద్దతు పలికింది. ట్రంప్ మద్దతు కూడా షిబాకాకే. మర్కౌస్కీకి డెమోక్రాట్ మాంచిన్ మద్దతు ప్రకటించారు. అక్టోబరులో అలాస్కా స్థానిక తెగల సమాఖ్య మహాసభ సమయంలో, అంతకు రెండు నెలల ముందే ప్రతినిధుల సభకు ఎన్నికైన డెమోక్రాట్ మేరీ పెల్టోలా తన మొదటి ప్రాధాన్యం మర్కౌస్కీకేనని చెప్పారు. మర్కౌస్కీ కూడా ప్రతినిధుల సభ పోటీలో తన మొదటి ప్రాధాన్యం పెల్టోలాకేనని చెప్పారు. సెనేట్ పోటీలో పాట్ చెస్బ్రో అనే డెమోక్రాట్ ఉండగానే పెల్టోలా ఆ మాట అన్నారని గమనించాలి. మొదటి ప్రాధాన్య ఓట్లలో మర్కౌస్కీకి 43.4 శాతం, షిబాకాకు 42.6 శాతం వచ్చాయి, చెస్బ్రోకు పది శాతం చిల్లర. చెస్బ్రో ఎలిమినేట్ కాగానే ఆమె ఓట్లలో అత్యధిక భాగం మర్కౌస్కీకి చేరి, తుది లెక్క 53.7–46.3 అయింది. అక్కడ డెమోక్రాట్ ఓటరు సొంత అభ్యర్థిని వదులుకోనక్కరలేదు. మొదటి అంకె తన పార్టీకి, రెండో అంకె మర్కౌస్కీకి వేస్తే చాలు. కాన్సాస్‌లోనూ యూటాలోనూ ఇటువంటి రెండో అంకె లేదు.

ఇటువంటి రాష్ట్రంలో మొదటి ప్రాధాన్యం మాత్రమే అడిగిన సర్వేకూ, రెండో ప్రాధాన్యం కూడా అడిగి లెక్క చివరిదాకా వేసిన సర్వేకూ చాలా తేడా ఉంటుంది. మొదటి రకాన్ని చూసి ‘నువ్వా నేనా’ అని రాస్తే పాఠకుడిని తప్పుదారి పట్టించినట్టే. మెయిన్‌లో కూడా సెనేట్ ఎన్నికకు ప్రాధాన్య ఓటు ఉన్నది, కాలిన్స్ స్థానం 2026లో మళ్లీ ఎన్నికకు వస్తున్నది. నిబంధనల విలువ తెలియడానికి కనెటికట్ 2006 పోటీ కూడా గుర్తు చేసుకోవచ్చు. డెమోక్రాటిక్ ప్రైమరీలో నెడ్ లామాంట్ చేతిలో ఓడిపోయిన సెనేటర్ జో లీబర్‌మన్ వేరే పార్టీ పేరుతో నవంబరులో నిలిచి, రిపబ్లికన్ ఓటర్లలో పదింట ఏడుగురి ఓట్లతో గెలిచారు. రిపబ్లికన్ల చేతిలో ఉన్న శ్వేతసౌధమే సొంత పార్టీ అభ్యర్థికి మద్దతు ప్రకటించని స్థితి అది. కానీ ప్రైమరీలో ఓడినవారు నవంబరులో మళ్లీ నిలబడడానికి వీలులేని చట్టాలు ఎక్కువ రాష్ట్రాల్లో ఉన్నాయి. అదే లీబర్‌మన్ అటువంటి రాష్ట్రంలో ఉండి ఉంటే, రిపబ్లికన్లు ఎంతమంది ఆయనను ఇష్టపడినా బ్యాలెట్ మీద ఆయన పేరే ఉండేది కాదు.

సర్వేల విషయంలో మనకు స్వానుభవం లేదని కాదు. 2018 తెలంగాణ ఎన్నికల్లో ప్రజాకూటమి గెలుస్తుందని లగడపాటి రాజగోపాల్ సర్వే చెబితే, తెరాసకు 119లో 88 స్థానాలు వచ్చాయి. 2024లో ఆంధ్రప్రదేశ్ ఎగ్జిట్ పోల్స్ ఒకదానికొకటి పొంతన లేకుండా రెండు పక్షాలకూ విజయం పంచిపెట్టాయి. మన ఎన్నికల్లో సర్వే వచ్చినప్పుడు అది ఎవరు చేయించారు, ఎవరికి దగ్గర అని మన పాఠకుడే అడుగుతాడు. అమెరికా సర్వే వచ్చేసరికి ఆ ప్రశ్న మాయమవుతున్నది. అక్కడ కూడా అభ్యర్థులూ, వారి అనుకూల కమిటీలూ సొంత సర్వేలు చేయిస్తాయి, అనుకూలంగా వచ్చినవాటినే బయటపెడతాయి. చందాలు రాబట్టడానికి అవి పనికివస్తాయి. తెలుగు ప్రవాసులకు వచ్చే చందా విజ్ఞప్తుల్లో ఆ అంకెలే ఉంటాయి. వాటినే మనం వార్తగా అచ్చు వేస్తే, ఆ అభ్యర్థి ప్రచారాన్ని మనం ఉచితంగా చేసిపెట్టినట్టవుతుంది.

కనుక మిమ్మల్ని కోరేది ఇది. సెనేట్ సర్వే వార్త ఎంత చిన్నదైనా, దాన్ని చేసినది ఎవరు, డబ్బు ఇచ్చినది ఎవరు, ఏ తేదీల మధ్య అడిగారు, ఎంతమందిని అడిగారు, నమోదైన ఓటర్లందరినా లేక ఓటు వేసే అవకాశం ఉన్నవారినే లెక్కించారా అన్నది రెండు వాక్యాల్లో రాయండి. ఆ వివరాలు బయటపెట్టని సర్వేను అసలు ప్రచురించకండి. తేల్చుకోనివారి శాతాన్ని శీర్షిక కింద మొదటి పేరాలోనే ఇవ్వండి. ఆ రాష్ట్రం కిందటి అధ్యక్ష ఎన్నికలో ఎటు, ఎంత తేడాతో మొగ్గిందో పక్కనే చెప్పండి. 2016లో ఎన్నిక జరిగిన 34 సెనేట్ స్థానాల్లోనూ, అధ్యక్ష పోటీలో ఆ రాష్ట్రాన్ని గెలిచిన పార్టీయే సెనేట్ స్థానాన్నీ గెలిచింది. 2020లో దానికి మినహాయింపు మెయిన్ ఒక్కటే. 2024లో మాత్రం అరిజోనా, మిషిగన్, నెవాడా, విస్కాన్సిన్ రాష్ట్రాలు ట్రంప్‌ను గెలిపిస్తూనే డెమోక్రాటిక్ సెనేటర్లను ఎన్నుకున్నాయి, అక్కడ తేడాలు స్వల్పం. ఇంత చరిత్ర ఎదురుగా ఉండగా ఇరవై పాయింట్ల రాష్ట్రంలో రెండు పాయింట్ల సర్వే వస్తే, ఎంత అసాధారణం జరిగితే అది నిజమవుతుందో పాఠకుడికి తెలియాలి.

మద్దతు ప్రకటన వార్తలో, ఇచ్చినవారు ఇప్పుడు పదవిలో ఉన్నారా, మాజీలా, సొంత పార్టీ ఓటర్లు ఈమధ్య వారిని ఆదరించారా తిరస్కరించారా, ఆ మాట వల్ల వారికి నష్టమేమైనా ఉన్నదా అన్నది రాయండి. పదవి వదిలిన నాయకుడి మాటకూ, తన పార్టీ అభ్యర్థి పోటీలో ఉండగా పెల్టోలా అన్న మాటకూ బరువు ఒకటి కాదు. మౌనం కూడా వార్తే. రామ్నీ ఎవరికీ మద్దతు చెప్పకపోవడం యూటాలో చాలా మద్దతు ప్రకటనలకంటే ఎక్కువ చర్చకు కారణమైంది. ఆ రాష్ట్రంలో ప్రాధాన్య ఓటు ఉన్నదా, ప్రైమరీ అందరికీ కలిపి జరుగుతుందా, ఓడినవారు స్వతంత్రులుగా నిలవవచ్చా అన్న మూడు నిబంధనలను ఎన్నికలకు ముందే రాష్ట్రాలవారీగా ఒక పట్టికగా సిద్ధం చేసుకుంటే, మీ డెస్క్‌లో రాత్రి పనిచేసే ఉపసంపాదకుడికి ప్రతిసారీ వెతుక్కునే శ్రమ ఉండదు.

చివరగా, ఫలితాలు వచ్చిన వారంలోపు, మీరు అచ్చు వేసిన ప్రతి సెనేట్ సర్వేనూ అసలు ఓట్లతో పక్కపక్కన పెట్టి ఒక వార్త ప్రచురించండి. ఏ సంస్థ అంకె దగ్గరగా వచ్చింది, ఏది ఏ దిశలో తప్పింది, తేల్చుకోనివారు ఎటు వెళ్లినట్టు కనిపిస్తున్నది అని అందులో రాయండి. 2026 నవంబరు రెండో వారంలో ఆ వార్త కోసం ఎదురుచూస్తుంటాను.

భవదీయ,
అమెరికాలో ఓటు హక్కు ఉన్న మీ పాఠకురాలు